లంక బడిలో ఆటల ఏడాది: నీళ్ళు, వడ్లు పోగా మిగిలిన పీరియడ్లు

లంక_పీఈటీ
ఏప్రిల్ 24, 2025, రాత్రి 9:10

నిన్నటితో బడికి ఈ ఏడాది తాళం పడిందండి. పదో తరగతి ఫలితాలు కూడా నిన్నే వచ్చాయి కదా, స్టాఫ్ రూములో ఎవరి చేతిలో చూసినా ఫోనే. వాళ్ళు మార్కుల లెక్కలో ఉంటే నేను ఆటసామాన్ల గది తెరిచి నా లెక్క చూసుకున్నాను.

జూన్‌లో వాలీబాల్స్ 6 కొన్నాం, ఇప్పుడు గాలి నిలుస్తున్నవి 2. నెట్టు పైతాడు నిండా ముడులే. స్కిప్పింగ్ తాళ్ళు రిజిస్టర్లో 14, గదిలో 5. మిగతా 9 ఏ దూడ మెడకి ఉన్నాయో. డిస్కస్ ఒకటి కాలవలో ఉంది. విసిరింది ఎవరో బడంతా తెలుసు, నాకు మాత్రం ఎవరూ చెప్పరు.

సామాన్ల సంగతి సరే, అసలు బాధ వేరే లెక్కతో. ఈ ఏడాది ఒక్క సెక్షన్‌కి, 8వ తరగతి ఏ, ప్రతి ఆటల పీరియడూ డైరీలో రాసుకున్నాను. వారానికి 2 చొప్పున, సెలవులు తీసేస్తే 72 రావాలి. గ్రౌండు మీద నిజంగా జరిగినవి 31. మిగతా 41 ఎటు పోయాయో వినండి. వరద, బురద కలిపి 14. గ్రౌండులో వడ్లు ఆరబోసినందుకు 8. లెక్కలు, ఇంగ్లీషు వాళ్ళు తీసుకున్నవి 11. పిల్లలని పోటీలకి తీసుకెళ్ళి నేను ఊళ్ళో లేనివి 5. మీటింగులు, ఇతరత్రా 3.

మాది గోదావరి పాయ వశిష్ఠ ఏటిగట్టు పక్క హైస్కూలు. సగం మంది పిల్లలు రేవు దాటి వస్తారు. జూన్ 21న యోగా దినం అయింది. తర్వాత ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలు మొదలుపెట్టాను. ఎత్తు, బరువు, 50 మీటర్ల పరుగు దాకా సరదాగానే సాగింది. 600 మీటర్ల దగ్గర సగం మంది నడకలో పడ్డారు. ఒళ్ళు వంగని పిల్లలు కారండి వీళ్ళు, పొద్దున్నే ఏమీ తినకుండా పడవెక్కి వచ్చే పిల్లలు. రాగిజావ ఇచ్చే రోజున, తాగిన గంటకి మళ్ళీ పరిగెత్తిస్తే నడిచిన వాళ్ళలో ముప్పావు మంది పరుగులోనే పూర్తిచేశారు. ఆ కాగితం పట్టుకుని హెచ్‌ఎం గారి దగ్గరకి వెళ్ళేలోపు జులై వచ్చేసింది.

జులై నెలాఖరుకి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక పెట్టారు, అంటే 13.75 అడుగులు. మా కాజ్‌వే మునిగింది. ఏటి మధ్య లంకల్లోంచి వచ్చిన కుటుంబాలని మా బడిలోనే దింపారు. కింద గచ్చు తడి, పసిపిల్లలు ఉన్నారు. కబడ్డీ మ్యాట్లు తీసి పరిచేశాను. జనం ఇళ్ళకి వెళ్ళాక చూస్తే రెండింటికి పొయ్యి సెగ తగిలి అంచులు ముడుచుకుపోయాయి. సెప్టెంబరులో ప్రాక్టీసు పెడితే 7వ తరగతి వాడొకడు బోనస్ గీత దగ్గర ఆగిపోయి, "సార్, నేనూ మా చెల్లీ ఇక్కడే పడుకున్నాం" అన్నాడు. రెయిడ్‌కి వెళ్ళరా బాబూ అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

నీరు తీశాక గ్రౌండులో అరడుగు ఒండ్రు. అడుగు వేస్తే చెప్పు ఊడిపోతుంది. మండల పోటీలు సరిగ్గా అప్పుడే. మా ఖోఖో అమ్మాయిలు ప్రాక్టీసు చేసింది ఏటిగట్టు మీద, రెండు సైకిళ్ళని స్తంభాలనుకుని. నవంబరులో గ్రౌండు ఆరింది కదా అనుకున్నాను, తెల్లారేసరికి వడ్లు పోసేశారు.

మీ బడుల్లో ఎలా సర్దుకుంటున్నారో చెప్పండి. వచ్చే ఏడాదికి ఏదో ఒకటి మార్చాలి.

భీమవరం_బాబాయ్
ఏప్రిల్ 24, 9:31

మాస్టారూ, 31 తక్కువేం కాదండి. మా చిన్నప్పుడు డ్రిల్ పీరియడ్ అంటే గ్రౌండులో గడ్డి పీకడం. ఆ లెక్కన మేం ఏడాదికి రెండెకరాలు ఆడాం.

దాళ్వా_రైతు
ఏప్రిల్ 24, 10:05

వడ్లు 8 అని రాశారు కాబట్టి నేను మాట్లాడాలి. మీ ఊరు కాదు నాది, కానీ మా ఊరి బడి గ్రౌండులో పోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో. మిషన్‌తో కోస్తే గింజ పచ్చిగా వస్తుంది. 17 శాతం తేమ దాటితే కొనుగోలు దగ్గర పేచీ. 75 కిలోల బస్తాకి 2024-25 మద్దతు ధర సాధారణ రకానికి 1,725 రూపాయలు అని కాగితం మీద ఉంది, తేమ పేరు చెప్పి కోసేస్తే చేతికి ఎంత వస్తుందో మాకు తెలుసు. ఎక్కడ ఆరబెట్టాలండి? చుట్టూ చేలన్నీ తడి. కొబ్బరితోటల్లో ఎండ పడదు. మెరక ఉన్నది రోడ్డు, గుడి, బడి. రోడ్డు మీద పోస్తే బండ్లు జారి మనుషులు పడుతున్నారు. మొన్న నవంబరు ఆఖరున ఫెంగల్ తుఫాను అన్నప్పుడు మూడు రాత్రులు బరకాలు కప్పుతూ బడి అరుగు మీదే పడుకున్నాం.

మా పిల్లలు కూడా ఆ బడిలోనే చదువుతున్నారు. వాళ్ళ ఆట చెడగొట్టాలని ఎవరికుంటుంది.

లంక_పీఈటీ
ఏప్రిల్ 24, 10:22

అన్నా, కోపంతో రాయలేదు. మొదటిరోజు ఈల ఊదుకుంటూ పోయి గొడవపడిన మాట నిజం. రెండో రోజు చినుకులు మొదలైతే 9వ తరగతి పిల్లలతో కలిసి మేమే బస్తాలకి ఎత్తాం. ఆ పీరియడ్ని డైరీలో ఎందులో రాయాలో తెలియక "బరువులెత్తుట" అని రాశాను.

లెక్కల_టీచరమ్మ
ఏప్రిల్ 25, ఉదయం 6:40

ఆ 11లో నావి ఎన్నో అని రాత్రంతా ఆలోచించాను. నేను మీ బడిలో పనిచేయను, అయినా ప్రతి బడిలోనూ ఆ 11 తీసుకునే మనిషి ఒకరుంటారు. మా బడిలో అది నేనే.

నా వైపు కూడా వినండి. వరదకి పోయిన రోజులు మీకే కాదు, నాకూ పోయాయి. సిలబస్ మాత్రం ఒక్క పేజీ తగ్గదు. డిసెంబరు నుంచి పదో తరగతికి రోజువారీ పరీక్షలు, సాయంత్రం స్టడీ అవర్లు, ప్రతివారం పైకి రిపోర్టు. మార్చి 17న పరీక్షలు మొదలయ్యాయి. "ఏ" గ్రేడు ఎందరు, ఫెయిలయ్యేవాళ్ళు ఎందరు అని నన్ను అడుగుతారు. 600 మీటర్లు ఎందరు పరిగెత్తారని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? అడిగే రోజు వస్తే నేను మీ పీరియడ్ ముట్టుకోను.

ఖోఖో_చెల్లి
ఏప్రిల్ 25, 7:15

అమ్మా, గౌరవంగానే అంటున్నాను. మీరు చెప్పింది పదో తరగతి గురించి. డైరీ 8వ తరగతిది. వాళ్ళకి మార్చిలో ఏ బోర్డు పరీక్ష ఉందండి?

లెక్కల_టీచరమ్మ
ఏప్రిల్ 25, 7:58

దొరికిపోయాను. 8వ తరగతి వాళ్ళకి భిన్నాలు రావు తల్లీ, అదీ సంగతి. 5వ తరగతిలో రావలసినవి. వాటిని ఎక్కడ నేర్పాలో టైమ్ టేబుల్లో గడి లేదు, ఖాళీగా కనిపించే గడి ఒక్కటే ఉంది.

పాలకొల్లు_పీడీ_రిటైర్డ్
ఏప్రిల్ 25, 8:30

ఖాళీగా కనిపించే గడి! 34 ఏళ్ళు ఆ గడిలోనే బతికానమ్మా నేను.

లంక మాస్టారూ, మీ 41లో నన్ను కలవరపెట్టింది 11 కాదు, 14. టీచర్లతో మాట్లాడుకుని సర్దుకోవచ్చు, గోదావరితో మాట్లాడలేం. 1986 ఆగస్టు వరదకి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాణ్ణి. బడి కిటికీల దాకా నీళ్ళు. ఆ ఏడాది దసరా దాటేదాకా గ్రౌండు లేదు. అప్పుడు తెలిసింది నాకు, డెల్టాలో ఆటల ఏడాది జూన్‌లో మొదలవదని. అసలు గ్రౌండు మనకి దొరికేది సంక్రాంతి తర్వాత. జనవరి మూడో వారం నుంచి మార్చి మధ్యదాకా నేల గట్టిగా ఉంటుంది, ఎండ ముదరదు. పరుగులు, లాంగ్‌జంప్, త్రోలు అప్పుడు నేర్పాలి. జులై, ఆగస్టుల్లో వరండా చాలు. తాడాట, చెస్, క్యారమ్స్, కబడ్డీ రూల్స్ బోర్డు మీద గీసి చెప్పడం. ఎదుటి జట్టులో ఆరుగురు కోర్టులో లేకపోతే బోనస్ లేదని, ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది ఉండి రెయిడర్‌ని పట్టుకుంటే సూపర్ టాకిల్ అని తెలియక ఎన్ని పాయింట్లు పోగొట్టుకుంటారో పిల్లలు.

చిక్కెక్కడంటే స్కూల్ గేమ్స్ సెలక్షన్లు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదలైపోతాయి. మండలం, జిల్లా, ఆ తర్వాత రాష్ట్రం. అనంతపురం, కర్నూలు పిల్లలు అప్పటికి రెండు నెలలు గట్టినేల మీద పరిగెత్తి ఉంటారు. మన పిల్లలు కాలు జారకుండా నిలబడటమే నేర్చుకుని ఉంటారు. అందుకని నేను ఏం చేసేవాణ్ణంటే, ముందు ఏడాది ఫిబ్రవరిలోనే 7, 8 తరగతుల నుంచి జట్టు ఎంచేసి, వేసవిలో కూడా వదిలేవాణ్ణి కాదు. ఆగస్టు జట్టు ఫిబ్రవరిలోనే తయారవ్వాలి. వేరే దారి నాకు కనపడలేదు.

లంక_పీఈటీ
ఏప్రిల్ 25, 9:02

గురువుగారూ, ఫిబ్రవరి మాట రాసుకున్నాను. వేసవిలో మాత్రం మా పిల్లలు సగం మంది అమ్మమ్మల ఊళ్ళకి, మిగతా సగం మామిడి తోటల్లోకి.

అమ్మ_రాజోలు
ఏప్రిల్ 25, 11:20

నేను టీచర్ని కాదండి, ఆటలాడే పిల్ల తల్లిని. ఒక మాట అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా పాపని జిల్లా పోటీలకి పంపమని సార్ ఇంటికొచ్చి అడిగారు. రెండు రోజులు, రాత్రి అక్కడే ఉండాలి. తోడు మేడమ్ ఎవరూ రావట్లేదని తెలిసి మా ఆయన వద్దన్నారు. నేనూ వద్దన్నాను. పాప వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ రొయ్యల షెడ్డుకి పనికి వెళ్ళేటప్పుడు ఆ సంగతే గుర్తొస్తుంది. ఒక్క ఆడటీచర్ ఉంటే పంపేదాన్ని. డబ్బులు, టిఫినూ నేనే ఇస్తానన్నాను కూడా.

ఇంకోటి. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు ఆ మగసార్‌కి ఎలా చెప్పుకుంటారండి. మా పాప కడుపునొప్పి అని చెప్పి పక్కన కూర్చుంటే "బద్ధకం" అన్నారట.

ఖోఖో_చెల్లి
ఏప్రిల్ 25, 11:48

పిన్నీ, మాకు ఒక అలవాటు ఉండేది. జట్టులో సీనియర్ అక్క దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం. "ఈ రోజు నేను స్కోరు రాస్తాను" అని దానిలో సంతకం పెడితే చాలు, సార్ ఎందుకని అడిగేవారు కాదు. ఎవరు కనిపెట్టారో తెలియదు, మాకంటే ముందు బ్యాచ్ నుంచీ ఉంది.

లంక_పీఈటీ
ఏప్రిల్ 25, 12:10

అమ్మా, "బద్ధకం" అన్న సార్ నేను కాకపోవచ్చు, కానీ అలాంటి మాట నేనూ అని ఉంటాను. నోటు పుస్తకం జూన్ నుంచి మా బడిలో ఉంటుంది.

తోడు టీచర్ గురించి మీరు అన్నది నూటికి నూరు పాళ్ళు న్యాయం. ఈ ఏడాది మాకు సోషల్ మేడమ్ వచ్చారు, సొంత సెలవు పెట్టుకుని. ఆవిడ రాకపోతే ఖోఖో జట్టు లేదు. అలా వచ్చినా ఒక పిల్లని పోగొట్టుకున్నాం. అండర్-14కి ఈ ఏడాది 2011 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. మా బెస్ట్ చేజర్ పుట్టింది 2011 మార్చిలో. ఆధార్లో, బడి రిజిస్టర్లో 2010. ఒకటో తరగతిలో త్వరగా చేర్చాలని వాళ్ళ తాతగారు ఏడాది కలిపి చెప్పారట. ఎలిజిబిలిటీ ఫారం మీద నేను సంతకం పెట్టలేను కదా. అండర్-17లోకి పంపితే తనకంటే జానెడు ఎత్తు అమ్మాయిల మధ్య మొదటి ఇన్నింగ్స్‌లోనే అవుటయిపోయి వచ్చి, నా పక్కన కూర్చుని బూట్ల లేసులు పది నిమిషాలు కట్టుకుంది.

ఖోఖో_చెల్లి
ఏప్రిల్ 25, 12:31

ఆ అమ్మాయికి చెప్పండి సార్, నేను అండర్-17లో మొదటి ఏడాది రెండు మ్యాచుల్లో కలిపి 40 సెకన్లు కూడా నిలవలేదు. మూడో ఏడాదికి రాష్ట్రానికి వెళ్ళాను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఢిల్లీలో మొదటి ఖోఖో వరల్డ్ కప్ జరిగింది కదా. జనవరి 19న ఫైనల్, మన అమ్మాయిలు నేపాల్ మీద 78-40తో గెలిచారు, అబ్బాయిలు కూడా నేపాల్ మీదే 54-36. ఇంట్లో అందరూ కోడిపందేల వీడియోలు చూస్తుంటే నేను ఫోన్లో అది పెట్టుకుని అరుస్తున్నాను. మా నాన్న వచ్చి, "ఇదేంటే, మన పిల్లలాటకి వరల్డ్ కప్పా" అని కూర్చుని చివరిదాకా చూశారు. ఎన్నేళ్ళు ఆడినా నా ఆట ఆయన చూసింది లేదు.

భీమవరం_బాబాయ్
ఏప్రిల్ 25, 12:50

కోడిపందేల జోలికి రావద్దమ్మా. అదొక్కటే మా ఊళ్ళో ఏడాది పొడుగునా ప్రాక్టీసు ఆగని ఆట. బాదం పప్పు కూడా పెడతారు. లంక మాస్టారి పిల్లలకి రాగిజావ.

బీపీఎడ్_కుర్రాడు
ఏప్రిల్ 25, మధ్యాహ్నం 2:15

నమస్తే అండి. 20వ తేదీన మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది కదా, మొత్తం 16,347 పోస్టులు, నేనూ వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకి చదువుతున్నాను. ప్రస్తుతం ఒక ప్రైవేటు బడిలో చేస్తున్నాను. అక్కడ గ్రౌండు ఎకరం పైన కొంచెం ఉంది. 400 మీటర్ల ట్రాక్ పట్టదు. 200 మీటర్ల ట్రాక్ 6 లేన్లతో పడుతుందా? పుస్తకంలో లెక్కలు చూస్తే టెన్షన్ వస్తోంది.

పాలకొల్లు_పీడీ_రిటైర్డ్
ఏప్రిల్ 25, 3:40

పడుతుంది తమ్ముడూ. రెండు తిన్నని వైపులు 50 మీటర్ల చొప్పున తీసుకో. వంపులు రెండూ కలిసి 100 రావాలి. గీత నుంచి 20 సెంటీమీటర్లు బయట పరిగెత్తుతున్నట్టు లెక్క కాబట్టి, లోపలి గీత వ్యాసార్ధం 15.72 మీటర్లు పెట్టుకో. లేను వెడల్పు 1.22. ఆరు లేన్లకి మొత్తం పొడవు 96 మీటర్లు, వెడల్పు 46. ఎకరం పది సెంట్లు దాటదు. ఒక రౌండు పందేనికి ఒక్కో లేను 7.67 మీటర్లు ముందుకి జరగాలి. నాలుగో లేను వాడు 23 మీటర్లు ముందు నిలబడితే తల్లిదండ్రులు వచ్చి మోసమంటారు, అప్పుడు ఓపిగ్గా చెప్పాలి.

మూల తిన్నగా రావాలంటే తాడుకి 3, 4, 5 మీటర్ల భుజాలు వచ్చేలా ముడులు వేసి త్రిభుజం పెట్టు. వంపుకి మేకు పాతి తాడుతో తిరుగు, తాడు సాగేది కాకుండా చూసుకో, కొబ్బరి తాడు తడిస్తే కొలత మారిపోతుంది. గీతకి గుల్ల సున్నం వాడొద్దు. ఉత్తకాళ్ళ పిల్లలు, కంట్లో పడితే ప్రమాదం. రాతి ముగ్గు చాలు.

లెక్కల_టీచరమ్మ
ఏప్రిల్ 25, 4:05

ఆగండాగండి. 7.67 అంటే 2 పై ఇంటూ 1.22 కదా! వృత్త పరిధి! అది నేను రెండు వారాలు బోర్డు మీద చెప్పినా ఎక్కని పాఠం. గ్రౌండులో తాడు పట్టుకుని చెప్తే పది నిమిషాలు.

పాలకొల్లు_పీడీ_రిటైర్డ్
ఏప్రిల్ 25, 4:12

పీరియడ్ మాత్రం మీ ఖాతాలోంచి వాడుకోండమ్మా.

కువైట్_కోనసీమ
ఏప్రిల్ 25, రాత్రి 11:45

ఇప్పుడే డ్యూటీ దిగి మొత్తం చదివాను. మాది మామిడికుదురు వైపు. మా గదిలో ఆరుగురం గోదావరి వాళ్ళమే. అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ గెలిచిన ప్రతిసారీ ఇక్కడ స్వీట్లు పంచుతాం. ఆసియా క్రీడల స్వర్ణం వచ్చిన రోజైతే, 2023లో, గదిలో నిద్ర లేదు. మాస్టారూ, బడికి 20 వాలీబాల్స్, 4 నెట్లు పంపుతాం. అడ్రస్ పెట్టండి.

లంక_పీఈటీ
ఏప్రిల్ 26, ఉదయం 6:05

తమ్ముడూ, నీ మాటకి కడుపు నిండింది. కానీ బంతులు వద్దు. హైస్కూలుకి సమగ్ర శిక్షా నుంచి క్రీడల గ్రాంటు 25,000 వరకూ ఉంటుంది, బంతులకి ఎలాగో లాగిస్తాను. మా లోటు బంతి కాదు, నేల. మీరన్న సాత్విక్ వాళ్ళ నాన్నగారు కూడా వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవారే, రాష్ట్రస్థాయిలో ఆడినవారు. అయినా ఆ కుర్రాడు 2014లో హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్ళాల్సి వచ్చింది. మా ఖోఖో పిల్లలు హైదరాబాద్ దాకా వెళ్ళక్కర్లేదు, ఆగస్టులో కాలు మోపడానికి అడుగు మెరక కావాలి, అంతే.

రాత్రి గురువుగారికి ఫోన్ చేసి మాట్లాడాను. గ్రౌండు మొత్తం లేపలేం. ఒక మూల, ఖోఖోకి సరిపడా లేపితే? 27 మీటర్ల పొడవు, 16 వెడల్పు, చుట్టూ మీటరున్నర లాబీ. అంటే 30 బై 19. కబడ్డీ, వాలీబాల్ కోర్టులు కూడా అందులోనే పట్టేస్తాయి.

లెక్కల_టీచరమ్మ
ఏప్రిల్ 26, 6:22

అడుగు అంటే 0.3 మీటర్లు వేసుకుంటే 171 ఘనపు మీటర్ల మట్టి. ట్రాక్టరు ట్రక్కు 3 పడుతుందనుకుంటే 57 ట్రిప్పులు. తొక్కితే దిగుతుంది, ఇంకో పది కలుపుకోండి.

దాళ్వా_రైతు
ఏప్రిల్ 26, 7:10

మట్టికి ఎక్కడికో పోనక్కర్లేదు. కాలవలకి నీళ్ళు ఆపేశాక పూడిక తీస్తారు, గట్టు మీద గుట్టలుగా పడి ఉంటుంది. ఇంజనీరు గారి ఆఫీసులో మీ హెచ్‌ఎం గారి ఉత్తరం పెట్టి అడగండి. రేవు ఒకటే అయితే నా ట్రాక్టరు, మా బావ ట్రాక్టరు వస్తాయి. డీజిల్ మాత్రం మీరు చూసుకోవాలి.

ఒక మాట ముందే అంటున్నాను. మెరక చేసిన ముక్క మీద డిసెంబరులో ఎవరూ వడ్లు పోయకుండా మా ఊళ్ళో అయితే నేను పూచీ. మిగతా గ్రౌండు మాత్రం మూడు వారాలు మాకు వదలండి.

పాలకొల్లు_పీడీ_రిటైర్డ్
ఏప్రిల్ 26, 8:00

పూడిక మట్టి ఒక్కటే వేస్తే ఆగస్టులో సబ్బు ముక్కలా జారుతుంది. కింద ముప్పావు అడుగు పూడిక, పైన మూడంగుళాలు ఇసుక, ఎర్ర కంకర పొడి కలిపి. మధ్యలో గుమ్మటంలా రెండంగుళాల ఎత్తు, నాలుగు పక్కలకి వాలు. బోదెలోకి దారి. రోలరు దొరక్కపోతే నీళ్ళు చల్లి పిల్లలతో కవాతు చేయించండి, నేనలాగే చేశాను.

కువైట్_కోనసీమ
ఏప్రిల్ 26, 1:30

డీజిలూ, కంకరా మావి. గదిలో మాట్లాడేశాను.

అమ్మ_రాజోలు
ఏప్రిల్ 26, 2:05

భోజనం సంగతి ఎవరూ అనలేదు. మాకు దూరం కాదు, పులిహోర నేను తెస్తాను. పాపని కూడా తీసుకొస్తాను, ఆ నోటు పుస్తకం అక్కని ఒకసారి చూడాలంటోంది.

లంక_పీఈటీ
మే 1, రాత్రి 8:50

హెచ్‌ఎం గారు సంతకం పెట్టారు, అనుమతి కాగితం చేతికొచ్చింది. మే 4 ఆదివారం, తెల్లారి 5:30కి. ఎండ ఎక్కకుండా 10 గంటలకి ఆపేద్దాం. పలుగు, పార ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. తలకి తువ్వాలు మర్చిపోవద్దు.

ఖోఖో_చెల్లి
మే 4, మధ్యాహ్నం 12:40

చేతులు బొబ్బలెక్కాయి, అయినా నేనే రాస్తున్నాను, సార్ నిద్రపోతున్నారు. 2010 రిజిస్టర్ అమ్మాయి కూడా వచ్చింది, లాబీ నలుమూలలా తాడు కట్టింది తనే. 3, 4, 5 ముడులు లెక్కల మేడమ్ వేయించారు, బస్సులో ఇంత దూరం వచ్చి మరీ.

19 ట్రిప్పులు పడ్డాయి. 38 ఉన్నాయి.

భీమవరం_బాబాయ్
మే 4, 12:55

డిస్కస్ దొరికిందా?

ఖోఖో_చెల్లి
మే 4, 1:10

లేదు బాబాయ్. నాలుగు కిలోల షాట్‌పుట్ గుండు ఒకటి దొరికింది. బడి స్టాక్ రిజిస్టర్లో దాని ఊసే లేదు.

వచ్చే ఆదివారం రెండో విడత. కనీసం పది పారలు కావాలి, ఇప్పుడు ఆరే ఉన్నాయి.